ట్రక్కు వెనక లైటు ఎందుకు వెలగదు?



వరికోతలు మొదలయ్యాయంటే మన రోడ్ల మీద రాత్రిపూట ట్రాక్టర్లు ఎక్కువవుతాయి. ధాన్యం కొనుగోలు కేంద్రానికి, గడ్డి ఇంటి దొడ్లోకి, పత్తి జిన్నింగు మిల్లుకు, చెరకు ఫ్యాక్టరీకి, ఆ తర్వాత మిర్చి గుంటూరు యార్డుకు. పగలంతా కోతకూ మోతకూ నింపడానికే సరిపోతుంది. లోడు మీద తాడు బిగించి బయల్దేరేసరికి పొద్దు గూకుతుంది. పైగా శీతాకాలం, ఐదున్నర దాటితే మసక, తెల్లవారుజామున మంచు. ఆ వేళ రోడ్డెక్కే ట్రాక్టరు వెనక తగిలించిన ట్రక్కు గురించి ఇవాళ మాట్లాడతాను. ట్రక్కు అనండి, ట్రాలీ అనండి, దాని వెనక రెండు ఎర్ర లైట్లు ఉండాలి. ఉన్నా చాలావాటికి వెలగవు. ఎందుకు వెలగవో, ఎలా వెతికి పట్టుకోవాలో, మన చేతులతో మనమే ఎలా బాగుచేసుకోవచ్చో చెబుతాను.

ముందు ఒక లెక్క. ట్రక్కు పంక్చరై రోడ్డు మీద ఆగిందనుకోండి. వెనక నుంచి మోటారుసైకిలు మీద ఒక కుర్రాడు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వస్తున్నాడు. ఆ వేగానికి బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. ముందు ఏదో ఉందని కళ్లకు తెలిసి, చెయ్యి బ్రేకు మీద పడేసరికి సెకనున్నర. ఆ సెకనున్నరలోనే 25 మీటర్లు అయిపోయాయి. బ్రేకు గట్టిగా పట్టినా ఆగడానికి ఇంకో 20, 25 మీటర్లు కావాలి. అంటే దగ్గర దగ్గర 50 మీటర్లు. డిమ్ములో ఉన్న హెడ్‌లైటు వెలుగులో, మట్టి కొట్టుకుపోయిన, లైటు లేని ట్రక్కు 30, 40 మీటర్ల లోపుకు వస్తే గాని కనపడదు. ఎదురుగా వచ్చే లారీ లైట్లు కళ్లలో పడ్డాయంటే ఆ మాత్రం కూడా కనపడదు. కనపడే దూరం కంటే ఆగే దూరం ఎక్కువైనప్పుడు ఆ కుర్రాడు ఎంత నేర్పరి అయినా ఏం చేయగలడు? అదే, అయిదు వాట్ల ఎర్ర బల్బు ఒకటి సరిగ్గా వెలుగుతుంటే వందల మీటర్ల నుంచే అతను బండి నెమ్మది చేసుకుంటాడు.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం పొద్దు గూకిన అరగంట తర్వాతి నుంచి తెల్లవారడానికి అరగంట ముందు దాకా, వెలుతురు చాలని ప్రతి వేళా, రోడ్డు మీది బండికి లైట్లు వెలగాలి. అయితే నేను జరిమానా సంగతి చెప్పడానికి రాలేదు. ఆ వెనక లైటు మన కోసం కాదు. ట్రాక్టరు సీటులో కూర్చున్నవాడికి అది కనపడదు కూడా. హెడ్‌లైటు పోతే మనకు దారి కనపడదు గనుక వెంటనే షెడ్డుకు పోతాం. వెనకది పోతే మన పనికి ఏ అడ్డూ రాదు. నెలల తరబడి అలాగే ఉండిపోవడానికి కారణం ఇదే.

లైటు వెలగలేదనగానే ఎవరైనా ముందు చేసే పని కొత్త బల్బు కొనడం. వేస్తారు, వెలగదు. ఇంకోటి వేస్తారు, అదీ వెలగదు. "దీని వైరింగు అంతా పోయింది" అని వదిలేస్తారు. నేను ఈ పనిలో ఉండి చూసినంతలో, తప్పు బల్బులో కంటే ఎర్తులో ఎక్కువ. ఎర్తు బాగుంటే జాయింట్లలో. ఆ తర్వాతే మిగతావి.

వైరింగు ఎలా ఉంటుందో ఒకసారి చూద్దాం. ట్రాక్టరులో 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. వెనక వైపు గుండ్రటి సాకెట్టు ఒకటి, మూత ఎత్తితే ఏడు కంతలు. ట్రక్కు నుంచి వచ్చే ప్లగ్గుకు ఏడు పిన్నులు. ప్లగ్గు విప్పి లోపల చూస్తే ఒక్కో పిన్ను పక్కన చిన్న అంకె ఉంటుంది. కాగితం దగ్గరుంటే రాసుకోండి. అంతర్జాతీయంగా వాడుకలో ఉన్న పద్ధతి ప్రకారం ఒకటి ఎడమ ఇండికేటరు, మూడు ఎర్తు, నాలుగు కుడి ఇండికేటరు, అయిదు కుడి టెయిల్ లైటు, ఆరు బ్రేకు లైటు, ఏడు ఎడమ టెయిల్ లైటు. రెండోదానితో మన ట్రక్కులకు పెద్దగా పని ఉండదు. రంగులు కూడా ఉన్నాయి. ఎర్తుకు తెలుపు, ఎడమ ఇండికేటరుకు పసుపు, కుడికి ఆకుపచ్చ, బ్రేకుకు ఎరుపు. కానీ రంగును చూసి నమ్మకండి. మన ట్రక్కుల్లో చాలావరకు ఊళ్లలో, పట్నాల్లో వర్కుషాపుల్లో కట్టినవే. కట్టిన రోజున చేతికి ఏ రంగు వైరు దొరికితే అదే వేసి ఉంటారు. మధ్యలో ఎవరో ఒకరు ఎర్ర వైరుకు నల్ల వైరు కలిపి టేపు చుట్టి ఉంటారు. అందుకే ప్రతి వైరునూ పరీక్షించి తేల్చుకోవలసిందే.

దీనికి కావలసిన పనిముట్టు ఇంట్లోనే తయారవుతుంది. ఒక పాత ఇండికేటరు హోల్డరు, అందులో 12 వోల్టుల బల్బు, దానికి రెండు బారెడు వైర్లు. ఒక వైరు చివర పట్టుకుని ఉండే క్లిప్పు, రెండోదాని చివర సన్నని మేకు. దీన్ని టెస్టు ల్యాంపు అంటాం. మీటరు ఉంటే మంచిదే, కానీ ఈ పనికి నేను టెస్టు ల్యాంపునే ముందు చేతికి తీసుకుంటాను. కారణం ఉంది. వైరులో పోగులన్నీ తెగి చిలుము పట్టిన ఒక్క పోగు మిగిలినా మీటరు 12 వోల్టులు చూపిస్తుంది, ఎందుకంటే మీటరు తీసుకునే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ. "కరెంటు వస్తోంది కదా, మరి లైటు ఎందుకు వెలగదు" అని తల పట్టుకునేది అక్కడే. 21 వాట్ల బ్రేకు బల్బుకు ఒకటిముప్పావు ఆంపియర్లు కావాలి. ఆ ఒక్క పోగు అంత మోయలేదు. టెస్టు ల్యాంపు కూడా బల్బే కాబట్టి అది మసగ్గా వెలిగితే వైరు సరిగా లేదని కంటికే తెలిసిపోతుంది.

వెతకడం ట్రాక్టరు దగ్గర మొదలుపెట్టండి. ప్లగ్గు పీకేసి, టెస్టు ల్యాంపు క్లిప్పును ట్రాక్టరుకు రంగు లేని శుభ్రమైన ఇనుము చోట తగిలించండి. లైటు స్విచ్చు వేసి, మేకును సాకెట్టులోని అయిదు, ఏడు కంతల్లో పెట్టి చూడండి. ఇంకొకరిని బ్రేకు తొక్కమని ఆరులో చూడండి. ఇండికేటర్లు వేయించి ఒకటి, నాలుగు చూడండి. అన్నిచోట్లా బాగా వెలిగిందా, ట్రాక్టరులో దోషం లేదు, ట్రక్కు వైపు పోవచ్చు. అయితే ఒక్కటి మరిచిపోవద్దు. ఇంతవరకు క్లిప్పు ట్రాక్టరు ఇనుముకు ఉంది. ఇప్పుడు దాన్ని తీసి సాకెట్టులోని మూడో కంతకు తగిలించి మళ్లీ అదంతా చూడండి. ఇందాక వెలిగి ఇప్పుడు వెలగలేదంటే సాకెట్టులో ఎర్తు వైరే లేదు, లేదా ఊడిపోయింది. చాలామంది ఈ రెండో పరీక్ష చేయరు. దోషం అక్కడే కూర్చుని ఉంటుంది.

ఎర్తు గురించి కాస్త ఎక్కువసేపు చెబుతాను, ఎందుకంటే రోగాల్లో సగానికి మూలం అదే. కరెంటు బ్యాటరీ నుంచి బల్బుకు చేరితే పని అయిపోదు. బల్బు గుండా పోయి మళ్లీ బ్యాటరీకి తిరిగి రావాలి. ఆ తిరుగుదారే ఎర్తు. వైరు మిగుల్చుకుందామని చాలా ట్రక్కులకు తిరుగుదారి వైరు వేయరు. హోల్డరు నుంచి ట్రక్కు ఛాసిస్‌కు, ఛాసిస్ నుంచి హుక్కు పిన్ను మీదుగా ట్రాక్టరుకు కరెంటు తిరిగొస్తుందని వదిలేస్తారు. ట్రక్కు కొత్తగా ఉన్నన్ని రోజులూ వస్తుంది. తర్వాత హుక్కు దగ్గర గ్రీజు, మట్టి, తుప్పు చేరతాయి. పిన్ను కంతలో వదులుగా ఆడుతుంటుంది. లాగుతున్నప్పుడు ఒక పక్కకు ఆని ఉంటే లైటు వెలుగుతుంది, దిగుడులో ట్రక్కు ముందుకు తోసుకొస్తే ఆరిపోతుంది. గతుకుల్లో మిణుకు మిణుకుమంటుంది. "ఊళ్లో వెలిగింది, రోడ్డు మీదికి పోయాక ఆరిపోయింది" అని డ్రైవరు చెబితే అతని మాట నిజమే. ముందు హుక్కు చూడండి.

ఎర్తు పోయినప్పుడు లైట్లు చిత్రమైన పోకడలు పోతాయి. బ్రేకు తొక్కితే ఎర్ర లైటు పెరగవలసింది పోయి తగ్గుతుంది. ఇండికేటరు వేస్తే టెయిల్ లైటు కూడా దానితో పాటు కొట్టుకుంటుంది. లైటు స్విచ్చు వేయకుండానే బ్రేకు తొక్కితే రెండో పక్క టెయిల్ లైటు మసగ్గా అంటుకుంటుంది. ఎందుకంటే వెనక లైటు బల్బులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి. 5 వాట్లది టెయిల్ లైటుకు, 21 వాట్లది బ్రేకుకు. రెండింటికీ తిరుగుదారి ఒక్కటే, బల్బు ఇత్తడి బుడ్డీ. ఎడమ దీపానికి ఎర్తు తెగిపోయిందనుకోండి. బ్రేకు కరెంటు వచ్చింది, బయటికి పోయే దారి లేదు. అదే బల్బులోని చిన్న ఫిలమెంటులోకి దూరి, టెయిల్ వైరు వెంట ఎదురెక్కి, కుడి దీపానికి పోయి అక్కడి ఎర్తు అందుకుంటుంది. రెండు టెయిల్ లైట్లూ ఒకే స్విచ్చు నుంచి వస్తాయి కనుక ఆ దారి తెరిచే ఉంటుంది. ఇది తెలియని మెకానిక్కు వైర్లు అడ్డదిడ్డంగా కలిశాయనుకుని బాగున్న వైరింగు అంతా విప్పేస్తాడు.

ఒక పరీక్ష చాలు. పొడుగాటి వైరు ఒకటి తీసుకుని ఒక చివర బ్యాటరీ నెగటివ్ దగ్గర కట్టండి. రెండో చివర ట్రక్కు వెనక్కి తెచ్చి, దీపం హోల్డరు ఇనుముకు గట్టిగా ఆనించండి. అప్పటిదాకా చచ్చినట్టు ఉన్న లైటు ఒక్కసారిగా నిండుగా వెలిగిందా, దోషం ఎర్తుదే. ఇంకేమీ విప్పనక్కర్లేదు.

ఎంత చిన్న అడ్డు ఎంత నష్టం చేస్తుందో చూడండి. రెండు బ్రేకు బల్బులూ కలిసి 42 వాట్లు. వాటి ఎర్తు దారిలో తుప్పు వల్ల ఒక్క ఓమ్ నిరోధం వచ్చిందనుకుందాం. బల్బులకు 12 వోల్టులకు బదులు 9 చిల్లర మిగులుతుంది. పోయింది మూడు వోల్టులే కదా అనిపిస్తుంది. కానీ ఫిలమెంటు బల్బు వెలుగు వోల్టేజీతో సమానంగా తగ్గదు, అంతకంటే చాలా వేగంగా పడిపోతుంది. ఈ లెక్కన వెలుగు సగం కంటే తక్కువకు దిగిపోతుంది. కాలువ మొదట్లో నిండుగా పారిన నీరు చివరి భూములకు తడి కూడా అందించనట్టే ఉంటుంది ట్రక్కు చివరి దీపం పరిస్థితి. పగలు చూస్తే వెలుగుతున్నట్టే ఉంటుంది. మంచులో వెనకవాడికి అది లేనట్టే.

దీనికి మందు తేలిక. ప్లగ్గు మూడో పిన్ను నుంచి రెండున్నర చదరపు మిల్లీమీటర్ల వైరు ఒకటి విడిగా లాగి, రెండు దీపాల హోల్డర్లకూ నేరుగా కలపండి. ఆ వైరునే మధ్యలో ఒకచోట ఛాసిస్‌కు కూడా బోల్టుతో బిగించండి. బిగించే చోట రంగు గీకేసి, ఇనుము మెరిసేదాకా ఎమిరీ కాగితంతో రుద్ది, రింగు టెర్మినల్ పెట్టి, పళ్ల వాషరు వేసి, ఆ పైన గ్రీజు పూయండి. రంగు మీద వేసిన బోల్టు ఎంత బిగించినా ఎర్తు ఇవ్వదు. ఆ తర్వాత హుక్కు పిన్ను తుప్పు పట్టినా, ఊగినా లైటుకు సంబంధం ఉండదు.

ఇక జాయింట్లు. ఒకసారి మా షెడ్డుకు ఎరువుల బస్తాలు మోసే ట్రక్కు వచ్చింది. డ్రైవరు చిన్నవాడు, జేబులో కొత్త బల్బులు పెట్టుకుని వచ్చాడు. వెనక కుడివైపు మాత్రం వెలగదన్నాడు. ఛాసిస్ కింద వైరు వెంట చెయ్యి పోనిస్తూ పోతే, చక్రం వెనకగా ఒకచోట టేపు చుట్టిన ముడి తగిలింది. బయటికి నల్లగా, గట్టిగా, చక్కగానే ఉంది. టేపు కోసి విప్పితే లోపల నీరు. వైరు పోగుల మీద ఆకుపచ్చ చిలుము పొడిపొడిగా రాలింది. గోటితో లాగితే రాగి పోగులు నలిగిపోయి చేతికొచ్చాయి. కోసిన చోటి నుంచి ఇంకో జానెడు లోపలికి తోలు వలిచి చూశాం, అక్కడా రాగి నల్లబడే ఉంది. ఆ నల్లటి భాగమంతా కత్తిరించి పారేసి మంచి రాగి వచ్చిన చోట కొత్త ముక్క కలిపాం. అతను తెచ్చుకున్న బల్బుల అవసరమే రాలేదు.

యూరియా, కాంప్లెక్సు ఎరువులు మోసే ట్రక్కుల్లో ఇది మామూలు. బస్తాల నుంచి రాలిన గుళికలు తేమకు కరిగి కిందికి కారతాయి. వాటి లవణాలు, అమ్మోనియా రాగిని తినేస్తాయి. ఎరువు దింపిన రోజు ట్రక్కును నీళ్లతో కడగాలి, దీపాల దగ్గర మరీ ముఖ్యంగా. టేపు నీటిని ఆపదు. కొన్నాళ్లకు జిగురు వదిలి, లోపలికి నీరు పీల్చి, ఎండకు కూడా ఆరనివ్వదు. జాయింటు వేయకుండా గడిస్తే అంతకంటే మంచిది లేదు. వేయక తప్పకపోతే పోగులు పెనవేసి టంకం పెట్టి, పైన వేడికి ముడుచుకునే స్లీవు వేయండి. లోపల జిగురు ఉండే రకం అడిగి తీసుకోండి, వేడి చేస్తే ఆ జిగురు కరిగి రెండు చివర్లా మూసేస్తుంది. ఒకచోట నాలుగు వైర్లు కలపవలసి వస్తే నాలుగు ముడులూ ఒకే చోట కాకుండా ఎడం ఎడంగా వేయండి.

వైరు తెగే చోట్లు ట్రక్కుకు కొన్ని ఉన్నాయి. హుక్కు దగ్గర కేబులు పొట్టిగా ఉంటే మలుపులో లాగి తెంపుతుంది, పొడుగ్గా ఉంటే నేల మీద ఈడ్చుకుపోయి అరుగుతుంది. ట్రాక్టరు పూర్తిగా మలిచి చూసి, ఇంకో మూర మిగిలేలా ఉంచి, మధ్యలో స్ప్రింగుతో పైకి వేలాడదీయాలి. తొట్టి లేచే ట్రక్కయితే మడత బందుల దగ్గర నలుగుతుంది. ఛాసిస్ కంతలోంచి వైరు దూర్చిన చోట ఇనుప అంచు కోస్తుంది, అక్కడ రబ్బరు బుష్ ఉండాలి. పంటకూ పంటకూ మధ్య ట్రక్కు పాకలో ఖాళీగా ఉన్న నెలల్లో ఎలుకలు కొరుకుతాయి. ఈ చోట్లు ముందు తడిమి చూస్తే మిగతా పొడుగంతా వెతకాల్సిన పని చాలాసార్లు ఉండదు. ట్రక్కు విప్పినప్పుడు ప్లగ్గును నేల మీద బురదలో పడేయడం ఇంకో దురలవాటు. ముందు వైపు చిన్న కొక్కెం వెల్డింగు చేయించి, పిన్నులు కిందికి చూసేలా దానికి తగిలించండి.

బల్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. రెండు ఫిలమెంట్ల బల్బుకు పక్కనుండే రెండు మొటిమలూ ఎత్తుల్లో తేడాగా ఉంటాయి, ఒక్క తీరుగానే కూర్చుంటుంది. బలవంతంగా తిప్పి ఎక్కిస్తే టెయిల్ లైటు 21 వాట్లతోనూ బ్రేకు 5 వాట్లతోనూ వెలుగుతాయి. హోల్డరు అడుగు స్ప్రింగు తుప్పు పట్టి కిందికి దిగిపోతే బల్బు బాగున్నా తగలదు. అద్దం పగిలితే నీరు చేరుతుంది. అద్దం కింది అంచున నీరు పోయే చిన్న కంత ఉంటే దాన్ని మూయకండి.

ఫ్యూజు దగ్గర మాత్రం నిదానంగా వినండి. ఇది ప్రాణాల మీదికి వచ్చే విషయం. ఫ్యూజు మాటిమాటికీ కాలుతోందంటే ఎక్కడో వైరు తోలు చెడి ఇనుముకు తగులుతోందని అర్థం. పది ఆంపియర్ల ఎర్ర ఫ్యూజు కాలితే ఇరవై ఆంపియర్ల పసుపుది వేయడం, అదీ కాలితే రాగి తీగ చుట్టడం చాలామంది చేస్తారు. లైట్లు వెలుగుతాయి, నిజమే. కాలవలసిన ఫ్యూజు కాలదు కనుక ఇప్పుడు కాలేది వైరు. పైన ఉన్నది ఎండు గడ్డి, పత్తి. దయచేసి ఆ పని ఎవరూ చేయకండి.

షార్టు ఎక్కడుందో వెతకడానికీ టెస్టు ల్యాంపే పనికొస్తుంది. ఆ ఫ్యూజు మీద నడిచే బల్బులన్నీ తీసేయండి. కాలిన ఫ్యూజు పీకి, దాని రెండు గూళ్ల మధ్య టెస్టు ల్యాంపు కలిపి, స్విచ్చు వేయండి. షార్టు ఉన్నంతసేపూ ల్యాంపు నిండుగా వెలుగుతుంది, కానీ వైరు కాలదు, కరెంటుకు ల్యాంపే అడ్డుంటుంది కనుక. ఇప్పుడు ట్రక్కు ప్లగ్గు పీకండి. ల్యాంపు ఆరిందా, దోషం ట్రక్కులో ఉంది. ఆరలేదా, ట్రాక్టరులోనే ఉంది. ట్రక్కుదని తేలితే ప్లగ్గు మళ్లీ పెట్టి, ఒకరు ల్యాంపు చూస్తుండగా ఇంకొకరు వైరు వెంట చెయ్యి కదుపుతూ పోవాలి. ఎక్కడ కదిపితే ల్యాంపు మిణుకుమందో అక్కడే ఆ తగులు ఉంది.

ఇందాక చెప్పిన ఎర్తు దోషం మన ఊళ్ల రోగమే అనుకోకండి. అమెరికాలో ఉన్న మా బంధువుల అబ్బాయి ఒకడు సెలవుల్లో పికప్ ట్రక్కు తొట్టిలో క్యాంపర్ అనే చిన్న గదిని ఎక్కించుకుని పిల్లలతో తిరుగుతాడు. ఎడమ ఇండికేటరు వేస్తే గదికున్న వెనక లైట్లన్నీ కలిసి కొట్టుకుంటున్నాయని ఫోనులో చెప్పాడు. అక్కడి బండ్లలో చాలావాటికి బ్రేకుకూ ఇండికేటరుకూ ఒకే వైరు, ఒకే ఫిలమెంటు. క్యాంపర్ కింద మన ట్రక్కులా ఇనుప ఛాసిస్ ఉండదు, చాలావాటి గోడలు చెక్కతో కట్టినవి. ఎర్తు భారమంతా కేబులులోని ఒక్క తెల్ల వైరు మీదే. నేను చెప్పింది ఒకటే, బ్యాటరీ నెగటివ్ నుంచి విడి వైరు లాగి ఆనించి చూడమని. ఆనించగానే ఏ దీపానికది విడిగా వెలిగింది. ప్లగ్గు విప్పి చూస్తే తెల్ల వైరు స్క్రూ కింది నుంచి జారిపోయి ఉంది. వాళ్లకు సాకెట్టుకు విడిగా ఫ్యూజులు కూడా ఉంటాయి. అవి కాలితే బండి సొంత లైట్లు వెలుగుతున్నా క్యాంపరువి వెలగవు. శ్రోతల్లో అటువంటి బండి ఉన్న పిల్లలు ఎవరికైనా ఉంటే ఈ మాట వాళ్ల చెవిన వేయండి.

ఎల్‌ఈడీ దీపాలు వేయించుకోవచ్చా అని అడుగుతుంటారు. వేయించుకోండి. అదురుకు ఫిలమెంటు తెగే బాధ ఉండదు, కరెంటు కొంచెమే తాగుతుంది. పూర్తిగా మూసి ఉన్న మంచి రకం తీసుకోండి, వైర్లు తిరగేసి కలిపితే వెలగదని గుర్తుంచుకోండి. కొన్ని ట్రాక్టర్లలో ఇండికేటరు మరీ గబగబా కొట్టుకుంటుంది. పాత ఫ్లాషరు ఆ కొద్ది కరెంటుకు బల్బు పోయిందనుకోవడం వల్ల అది. ఎల్‌ఈడీకి సరిపోయే ఫ్లాషరు మారిస్తే సర్దుకుంటుంది. ఎల్‌ఈడీ వేసినా చెడ్డ ఎర్తు మాత్రం చెడ్డ ఎర్తే.

వైరింగు ఎంత బాగున్నా రోడ్డు మీద చెడవచ్చు. అందుకని కరెంటుతో పని లేని రక్షణ ఒకటి ఉండాలి. ట్రక్కు వెనక అడ్డంగా ఎర్ర రిఫ్లెక్టరు టేపు, పక్కల పసుపు టేపు అంటించండి. తుప్పు, మట్టి తుడిచి, ఆరిన ఇనుము మీద అంటిస్తేనే నిలుస్తుంది. దుమ్ము పట్టిన టేపు వెలుగు తిప్పికొట్టదు. బయల్దేరే ముందు తడిగుడ్డతో ఒక్కసారి తుడవండి. అలాగే రోడ్డెక్కేటప్పుడు ట్రాక్టరు రెండు బ్రేకు పెడళ్లనూ కలిపి లాకు వేయండి. లోడుతో ఒక్క పెడలు తొక్కితే బండి ఒక పక్కకు లాగేస్తుంది.

ఇక గడ్డి లోడు. వరిగడ్డి తొట్టి దాటి వెనక్కి బారెడు వేలాడుతుంది, పక్కలకూ పొంగుతుంది. లైట్లు వెలుగుతూనే ఉంటాయి, గడ్డి చాటున. పత్తి బోరాలతోనూ ఇంతే. దీనికి లైటు బోర్డు ఒకటి చేసుకోవాలి. ఆరడుగుల తేలికపాటి చెక్క పలక, దాని రెండు చివర్లా ఎర్ర ఎల్‌ఈడీ దీపాలు, పక్కనే ఇండికేటర్లు, మధ్యలో ఎర్ర టేపు. దానికి మంచి కేబులు ఎనిమిది మీటర్లు, చివర ఏడు పిన్నుల ప్లగ్గు. ట్రక్కు ప్లగ్గు పీకి దీన్ని నేరుగా ట్రాక్టరు సాకెట్టుకే పెట్టండి. కేబులును లోడు పైనుంచి కాకుండా తొట్టి పక్కగా, చక్రానికి దూరంగా తీసుకురండి. పలకకు రెండు కంతలు పెట్టి, గడ్డి మీద వేసే మోకుకే కట్టాలి, నేల నుంచి నడుమెత్తున, వేలాడే గడ్డి కంటే వెనక్కి ఉండేలా. గడ్డి సర్దుకుని మోకు వదులైతే పలక పక్కకు ఒరిగిపోతుంది. అందుకని ఓ రెండు కిలోమీటర్లు పోయాక వెలుతురున్న చోట, రోడ్డు దిగి బండి ఆపండి. మోకు మళ్లీ బిగించి, ఒకరు సీటు మీద ఉండి బ్రేకు, ఇండికేటర్లు వేస్తుంటే ఇంకొకరు వెనక యాభై అడుగుల దూరంలో నిలబడి ఏది వెలిగిందో కేకేసి చెప్పాలి. అన్నీ వెలిగాయంటేనే బండి కదిలించండి.